డెబియన్ ల్యాబ్‌కి సొంత అప్‌డేట్ రెపో: ఏర్పాట్ల నుంచి వారం వారం నిర్వహణ దాకా

ఒక కాలేజీ ల్యాబ్‌లో ఆన్‌లైన్ పరీక్ష రోజు. ఉదయం 9 గంటలకి 60 సిస్టమ్స్ ఆన్ చేశాం. పది నిమిషాలు గడిచేసరికి పరీక్ష పేజీ తెరుచుకోవడం మానేసింది. సెలవుల తర్వాత మొదటిసారి ఆన్ అయిన సిస్టమ్స్ అన్నీ దేనికది అప్‌డేట్లు దించుకుంటున్నాయి. ఉన్న ఒక్క ఇంటర్నెట్ లైన్ వాటికే చాల్లేదు. పిల్లల మొహాల్లో ఆ రోజు కనబడిన టెన్షన్ చూశాక సొంత రెపో, అంటే అప్‌డేట్లని ల్యాబ్ లోపలే దాచి సిస్టమ్స్‌కి పంచే చోటు, పెట్టాలని గట్టిగా అనుకున్నాను.

పెట్టినప్పటి నుంచి తోటి ల్యాబ్ ఇన్‌ఛార్జులు ఎలా పెట్టావని అడుగుతూనే ఉన్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే ఎక్కడో ఒక మెట్టు జారిపోతోంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

డేటా ఆదా అవడం ఇందులో చిన్న లాభం. ఏ అప్‌డేట్ ఏ రోజు ల్యాబ్‌లోకి రావాలన్న నిర్ణయం మన చేతికి రావడం అసలు లాభం. కింద ప్రతి మెట్టునూ ఆ లెక్కతోనే చూడండి.

కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాను. వివరాలన్నీ డెబియన్ అనే లైనక్స్ 12వ వెర్షన్‌కి, అంటే బుక్‌వార్మ్‌కి సంబంధించినవి.

## 1. ముందు తేల్చుకోండి: మీకు రెపోనే కావాలా?

మూడు దారులు ఉన్నాయి. అవసరాన్ని మించినది ఎంచుకుంటే చాకిరీ పెరుగుతుంది.

కాష్. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ప్యాకేజీ. ఒక సిస్టమ్ దించుకున్న ఫైల్‌ని దాచి ఉంచి, మిగతావాటికి అక్కడి నుంచే ఇస్తుంది. 3142 పోర్టులో నడుస్తుంది. పది పదిహేను సిస్టమ్స్ ఉండి, డేటా మిగిలితే చాలనుకునేవాళ్లకి ఇదే మంచిది. అరగంట పని. కానీ ఏ వెర్షన్ రావాలన్నది మీ చేతిలో ఉండదు.

పూర్తి మిర్రర్. ఆప్ట్-మిర్రర్ లాంటి టూల్‌తో అసలు రెపోని ఉన్నది ఉన్నట్టు దించుకోవడం. ఇంటర్నెట్ లేని చోట పనికొస్తుంది. ఇందులోనూ ఇవాళ అక్కడ మారింది ఇవాళే మీ దగ్గరా మారుతుంది.

స్నాప్‌షాట్లతో సొంత రెపో. ఆప్ట్‌లీ అనే టూల్‌తో చేసేది. దించుకున్నదాన్ని ఒక తేదీ దగ్గర ఆపి, పరీక్షించి, నచ్చాకే ల్యాబ్‌కి వదలొచ్చు. ఈ గైడ్ దీని గురించే.

ఉబుంటు వాడేవాళ్లకీ పద్ధతి ఇదే, సూట్ల (వెర్షన్ శాఖల) పేర్లు, కాంపోనెంట్ల (ప్యాకేజీల విభాగాల) పేర్లు మారతాయి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ రూపంలో వస్తోంది. స్నాప్‌లు ఆప్ట్ (డెబియన్‌లో, ఉబుంటులో ప్యాకేజీలు దించి వేసే టూల్) రెపో గుండా రావు, కాబట్టి ఈ ఏర్పాటు వాటిని ఆపలేదు.

## 2. సర్వర్ ఏర్పాట్లు

పెద్ద మెషీన్ అక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ సరిపోతుంది. డిస్కు, నెట్‌వర్క్ మాత్రం సరిగ్గా ఉండాలి.

నెట్‌వర్క్ లెక్క ఒకసారి వేసి చూడండి. ఒక్కో సిస్టమ్‌కి 500 ఎంబీ అప్‌డేట్ అనుకుంటే 60 సిస్టమ్స్‌కి 30 జీబీ. 50 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైన్ మీద అది 80 నిమిషాల పని, అదీ లైన్ పూర్తిగా దానికే వదిలేస్తే. ల్యాబ్ లోపల 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంటే 40 నిమిషాలు. గిగాబిట్ స్విచ్ అయితే కాగితం మీద 4 నిమిషాలే. డిస్కు నెమ్మది వల్ల ఇంకాస్త పడుతుంది. డబ్బులు తక్కువగా ఉంటే ర్యామ్ పెంచకండి, స్విచ్ మార్చండి.

డిస్కు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. ఆప్ట్‌లీ ప్యాకేజీలన్నిటినీ పూల్ అనే ఫోల్డర్‌లో దాచి, పబ్లిష్ చేసినప్పుడు పబ్లిక్ ఫోల్డర్‌లో వాటికి హార్డ్ లింకులు పెడుతుంది. అంటే ఫైల్ ఒక్కటే, పేర్లు రెండు. ఈ రెండు ఫోల్డర్లూ ఒకే పార్టిషన్‌లో ఉంటేనే హార్డ్ లింక్ కుదురుతుంది. పబ్లిక్ ఫోల్డర్‌ని వేరే డిస్కుకి మార్చాలనే ఆలోచన పెట్టుకోవద్దు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- డెబియన్ 12 ఇన్‌స్టాల్ అయి, అప్‌డేట్ అయి ఉంది
- /ఎస్‌ఆర్‌వీ (రెపో ఫైళ్లు ఉండే ఫోల్డర్) కోసం విడి పార్టిషన్ ఉంది
- సర్వర్‌కి మారని ఐపీ ఉంది, దానికి లోకల్ డీఎన్ఎస్‌లో ఒక పేరు ఉంది
- సర్వర్ గడియారం, ల్యాబ్ సిస్టమ్స్ గడియారాలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతితో) సరిపోతున్నాయి
- యూపీఎస్ పనిచేస్తోంది
- ఈ పని తెలిసిన రెండో మనిషి ఒకరున్నారు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సొంత రెపో పెట్టాక సెక్యూరిటీ అప్‌డేట్లు మీరు వదిలితేనే సిస్టమ్స్‌కి చేరతాయి. మీరు నెలరోజులు సెలవు పెట్టి, చూసేవాళ్లు లేకపోతే ల్యాబ్ మొత్తం పాత లోపాలతో నడుస్తుంది. అలా వదిలేసే పరిస్థితే ఉంటే ఈ రెపో పెట్టకపోవడమే మంచిది.

## 3. యూజర్, ఫోల్డర్లు, ఇన్‌స్టలేషన్

ఆప్ట్‌లీ, జీఎన్‌యూపీజీ (సంతకం కీ కోసం, దీని కమాండే జీపీజీ), ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), ఈ మూడు ప్యాకేజీలూ ఇన్‌స్టాల్ చేయండి. మూడూ డెబియన్‌లోనే ఉన్నాయి.

తర్వాత రెపో అనే పేరుతో విడిగా ఒక యూజర్‌ని సృష్టించండి. /ఎస్‌ఆర్‌వీ/ఆప్ట్‌లీ ఫోల్డర్ చేసి, దాని యజమానిగా ఆ యూజర్‌నే పెట్టండి. యూజర్ హోమ్ ఫోల్డర్ మాత్రం మామూలుగా /హోమ్ కిందే ఉండాలి. ప్యాకేజీల జాబితా మీద సంతకం చేసే కీ ఉండేది హోమ్‌లో. వెబ్ సర్వర్ చూసే చోటికి అది ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

రెపో యూజర్‌గా ఆప్ట్‌లీని ఒకసారి నడిపితే హోమ్‌లో .ఆప్ట్‌లీ.కాన్ఫ్ అనే ఫైల్ పుడుతుంది. అందులో మూడు మార్పులు:

- రూట్‌డిర్ విలువ: /ఎస్‌ఆర్‌వీ/ఆప్ట్‌లీ
- ఆర్కిటెక్చర్స్: ఏఎండీ64 (మామూలు 64 బిట్ పీసీలు) ఒక్కటే
- డిపెండెన్సీ-ఫాలో-రికమెండ్స్: ట్రూ

మూడోది ఎందుకో 5వ భాగంలో తెలుస్తుంది.

తరచూ జరిగే తప్పు: అలవాటుకొద్దీ సుడోతో (రూట్ హక్కులతో) ఆప్ట్‌లీ నడపడం. అప్పుడది రూట్ యూజర్ హోమ్‌లో వేరే కాన్ఫిగ్, వేరే డేటాబేస్ మొదలుపెడుతుంది. "నిన్న చేసిన మిర్రర్లు ఇవాళ కనబడట్లేదు" అని నాకు ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది చేసింది ఇదే. మిర్రర్లు ఎక్కడికీ పోలేదు, వేరే యూజర్ కింద ఉన్నాయంతే. రెపో యూజర్‌గా లాగిన్ అయి చూడండి.

## 4. సంతకం కీ

ఆప్ట్ నమ్మకం అంతా సంతకం మీదే. రెపోలోని ఇన్‌రిలీజ్ అనే ఫైల్‌లో జాబితా ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైల్ మారితే మారిపోయే గుర్తు సంఖ్యలు) ఉంటాయి, ఆ జాబితాల్లో ఒక్కో ప్యాకేజీ చెక్‌సమ్ ఉంటుంది. ఇన్‌రిలీజ్ మీద మీ సంతకం సరిపోతే మిగతా గొలుసంతా సరిపోయినట్టే. హెచ్‌టీటీపీఎస్ లేకపోయినా ప్యాకేజీలు మధ్యలో మారిపోకుండా కాపాడేది ఇదే.

మెట్లు ఇవి:

1. రెపో యూజర్‌గా జీపీజీ ఫుల్-జనరేట్-కీ ఇవ్వండి.
2. ఆర్ఎస్ఏ, 4096 బిట్లు ఎంచుకోండి.
3. గడువు 2 లేదా 3 ఏళ్లు పెట్టండి. గడువు లేని కీ చేయొద్దు.
4. గట్టి పాస్‌ఫ్రేజ్ ఇవ్వండి.
5. పబ్లిక్ కీని ల్యాబ్.జీపీజీ పేరుతో ఎక్స్‌పోర్ట్ చేయండి.
6. ప్రైవేట్ కీని, రివొకేషన్ సర్టిఫికెట్‌ని (కీ చెల్లదని ప్రకటించే ఫైల్‌ని) రెండు పెన్‌డ్రైవుల్లోకి తీసి బీరువాలో పెట్టండి.

ఈ జాబితాలోని 5వ మెట్టులో ఒక మెలిక. ఆర్మర్ ఆప్షన్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే అక్షరాల రూపంలో వస్తుంది, ఆ ఫైల్ పేరు .ఏఎస్‌సీ అని ముగియాలి. ఆర్మర్ లేకపోతే బైనరీ వస్తుంది, దాని పేరు .జీపీజీ అని ముగియాలి. ఇవి తారుమారైతే ఆప్ట్ ఆ కీని పక్కన పెట్టేస్తుంది.

సంతకం చేసేటప్పుడు "ఇన్‌అప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్" అనే ఎర్రర్ వస్తే భయపడకండి. పాస్‌ఫ్రేజ్ ఎక్కడ అడగాలో జీపీజీకి తెలియలేదని దాని అర్థం. జీపీజీ_టీటీవై అనే వేరియబుల్‌కి టీటీవై కమాండ్ ఇచ్చే విలువ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ వేరియబుల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. అప్పటికీ రాకపోతే ఇంకో యూజర్ నుంచి మారడం మానేసి, రెపో యూజర్‌గా నేరుగా ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అవ్వండి.

## 5. మిర్రర్లు దించడం

బుక్‌వార్మ్‌కి మూడు మిర్రర్లు కావాలి: బుక్‌వార్మ్, బుక్‌వార్మ్-అప్‌డేట్స్, బుక్‌వార్మ్-సెక్యూరిటీ. మొదటి రెండూ డెబియన్ ప్రధాన చిరునామా నుంచి, మూడోది సెక్యూరిటీ చిరునామా నుంచి వస్తాయి. కాంపోనెంట్లు మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్. నాలుగోది డెబియన్ 12తోనే విడిగా వచ్చింది. పాత గైడ్లు చూసి చేసేవాళ్లు దీన్ని వదిలేస్తారు, తర్వాత వైఫై, గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్లు రాక తల పట్టుకుంటారు.

మిర్రర్ సృష్టించేటప్పుడు డెబియన్ సంతకాన్ని ఆప్ట్‌లీ సరిచూడాలి. కీరింగ్ ఆప్షన్‌కి /యూఎస్‌ఆర్/షేర్/కీరింగ్స్ ఫోల్డర్‌లోని డెబియన్-ఆర్కైవ్-కీరింగ్.జీపీజీ ఇవ్వండి. సంతకం చూడటం మానేయించే ఆప్షన్ కూడా ఉంది, దాని జోలికి పోవద్దు. మీ రెపోలోకి తప్పుడు ప్యాకేజీ వస్తే దాని మీద మీ సంతకమే పడుతుంది, 60 సిస్టమ్సూ నమ్మేస్తాయి.

### ఏమేం దించాలి?

డెబియన్ 12 విడుదలైనప్పుడు అందులో 64,419 ప్యాకేజీలున్నాయి. ల్యాబ్ సిస్టమ్‌లో ఉండేవి రెండు వేలు దాటవు. మొత్తం దించితే డిస్కూ నిండుతుంది, మొదటి డౌన్‌లోడ్ రోజులు పడుతుంది. అందుకని ఫిల్టర్ పెడతాం.

1. ల్యాబ్‌లో అన్నీ సరిగ్గా ఉన్న ఒక సిస్టమ్ ఎంచుకోండి.
2. అందులో ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ నడపండి. మనం కావాలని వేసుకున్న ప్యాకేజీల జాబితా వస్తుంది.
3. ఆ పేర్లను నిలువు గీతతో కలిపి ఫిల్టర్‌గా ఇవ్వండి.
4. వాటితోపాటు ప్రయారిటీ (మొదటి అక్షరం పెద్దది) రిక్వైర్డ్, ఇంపార్టెంట్, స్టాండర్డ్ ఉన్నవన్నీ కలపండి.
5. ఫిల్టర్-విత్-డెప్స్ ఆప్షన్ తప్పకుండా పెట్టండి.

ఐదోది ఉంటే ఒక్కో ప్యాకేజీకి కావాల్సిన తోడు ప్యాకేజీలు కూడా వస్తాయి. అయితే ఆప్ట్‌లీ మామూలుగా తప్పనిసరి తోడులనే తెస్తుంది, ల్యాబ్ సిస్టమ్‌లోని ఆప్ట్ మాత్రం రికమెండ్స్ (తప్పనిసరి కాకపోయినా ఉంటే మంచిది) అన్నవాటినీ వేసుకుంటుంది. ఈ తేడా లేకుండా చేయడానికే 3వ భాగంలో డిపెండెన్సీ-ఫాలో-రికమెండ్స్ విలువ ట్రూ అని పెట్టాం.

కెర్నల్ (లైనక్స్ అసలు గుండె) దగ్గర జాగ్రత్త. లైనక్స్-ఇమేజ్ తర్వాత వెర్షన్ నంబరు ఉన్న ప్యాకేజీ పేరు ఫిల్టర్‌లో పెడితే, కొత్త కెర్నల్ వచ్చినప్పుడు పేరు మారిపోయి అది మీ మిర్రర్‌లోకి రాదు. నంబరు లేని లైనక్స్-ఇమేజ్-ఏఎండీ64 అనే పేరు పెట్టండి. అది ఎప్పుడూ కొత్త కెర్నల్‌నే చూపిస్తుంది, తోడుగా దాన్ని తెస్తుంది.

ఫిల్టర్ బుక్‌వార్మ్ మిర్రర్‌కి మాత్రమే. అప్‌డేట్స్, సెక్యూరిటీ మిర్రర్లకి ఫిల్టర్ పెట్టొద్దని నా సలహా. బుక్‌వార్మ్‌తో పోలిస్తే అవి చాలా చిన్నవి. కొంచెం జాగా మిగులుతుందని సెక్యూరిటీ ఫైల్ ఒకటి పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

తర్వాత ఒక్కోదానికీ ఆప్ట్‌లీ మిర్రర్ అప్‌డేట్ ఇవ్వండి. ఎన్ని జీబీలు దించాలో ముందే చూపిస్తుంది. డిస్కులో ఖాళీ ఎంతుందో అక్కడే చూసుకుని, రాత్రికి వదిలేయండి. మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, మళ్లీ అదే కమాండ్ ఇస్తే చాలు.

## 6. స్నాప్‌షాట్

మిర్రర్ మారుతూ ఉంటుంది. స్నాప్‌షాట్ ఒకసారి తీస్తే మారదు. ఫైళ్లు మళ్లీ కాపీ అవ్వవు కాబట్టి సెకన్లలో అయిపోతుంది.

పేరు చివర తేదీ పెట్టండి, ఏడాదితో మొదలుపెట్టి: మెయిన్-20260105, సెక్-20260105. ఇలా పెడితే జాబితాలో వరసగా ఉంటాయి. ఫైనల్, న్యూ, న్యూ2 లాంటి పేర్లు పెడితే మూడో వారానికే ఏది ఏదో తెలియదు.

మూడు స్నాప్‌షాట్లు తీశాక, ఆప్ట్‌లీ స్నాప్‌షాట్ మెర్జ్‌తో వాటిని అన్నీ-20260105 లాంటి పేరుతో ఒక్కటిగా కలపండి. లేటెస్ట్ ఆప్షన్ మర్చిపోవద్దు. అది లేకపోతే ఒకే పేరున్న ప్యాకేజీల్లో వరసలో చివర ఇచ్చిన స్నాప్‌షాట్‌లోదే మిగులుతుంది. మెయిన్‌ని చివర ఇచ్చారనుకోండి, సెక్యూరిటీలో వచ్చిన కొత్త వెర్షన్ పోయి పాతది కూర్చుంటుంది. ఎర్రర్ కూడా రాదు.

## 7. పబ్లిష్: ముందు టెస్ట్‌కి, తర్వాత ల్యాబ్‌కి

ఒకే రెపోలో రెండు దారులు పెడతాం. టెస్ట్ అనే ప్రిఫిక్స్‌ని (రెపో చిరునామా చివర వచ్చే ఫోల్డర్ పేరుని) రెండు మూడు సిస్టమ్స్ వాడతాయి. ల్యాబ్ అనే ప్రిఫిక్స్‌ని మిగతా అన్నీ వాడతాయి.

మొదటిసారి ఆప్ట్‌లీ పబ్లిష్ స్నాప్‌షాట్ కమాండ్‌కి ఇవన్నీ ఇవ్వండి:

- డిస్ట్రిబ్యూషన్: బుక్‌వార్మ్
- ఆరిజిన్: ల్యాబ్
- లేబుల్: ల్యాబ్
- అక్వైర్-బై-హ్యాష్
- కలిపిన స్నాప్‌షాట్ పేరు, చివర ప్రిఫిక్స్

ఆరిజిన్, లేబుల్ అనేవి రెపో ఎవరిదో చెప్పే పేర్లు, వాటిని మొదటిసారే పెట్టాలి. తర్వాత మార్చితే ప్రతి సిస్టమ్‌లోనూ "రెపో తన ఆరిజిన్ విలువ మార్చుకుంది" అంటూ ఆప్ట్ ఆగిపోతుంది. అప్పుడు ఒక్కో సిస్టమ్‌లో అలౌ-రిలీజ్‌ఇన్ఫో-చేంజ్ ఆప్షన్‌తో ఆప్ట్ అప్‌డేట్ ఇవ్వాలి. 60 సిస్టమ్స్ దగ్గరికి తిరగడం ఎంత పనో తెలిసిందే.

అక్వైర్-బై-హ్యాష్ పెడితే, మీరు స్విచ్ చేస్తున్న క్షణంలోనే ఏదైనా సిస్టమ్ జాబితాలు దించుకుంటున్నా పాతదీ కొత్తదీ కలగలిసిపోవు.

రెండోసారి నుంచి పబ్లిష్ స్విచ్ చాలు:

ఆప్ట్‌లీ పబ్లిష్ స్విచ్ బుక్‌వార్మ్ టెస్ట్ అన్నీ-20260105

టెస్ట్ సిస్టమ్స్‌లో మూడు రోజులు చూశాక, అదే కమాండ్‌లో టెస్ట్ బదులు ల్యాబ్ అని ఇస్తే అందరికీ వెళుతుంది.

టెస్ట్‌లో నేను చూసేవి:

- రీబూట్ అయ్యి, లాగిన్ పేజీ వచ్చింది
- సీ, జావా, పైథాన్ ప్రోగ్రాములు ఒక్కొక్కటి కంపైలై నడిచాయి
- తెలుగులో టైపు చేస్తే ఒత్తులు సరిగ్గా పడ్డాయి
- ప్రింటర్‌లో ఒక పేజీ వచ్చింది
- ప్రొజెక్టర్ తగిలిస్తే బొమ్మ వచ్చింది

వెనక్కి వెళ్లడం గురించి ఒక అపోహ ఉంది. పాత స్నాప్‌షాట్‌కి స్విచ్ చేస్తే ఇంకా అప్‌డేట్ కాని సిస్టమ్స్ ఆగుతాయి, నిజమే. కానీ అప్పటికే అప్‌డేట్ అయినవి వాటంతట అవి పాత వెర్షన్‌కి రావు. రావాలంటే ప్రిఫరెన్సెస్.డి ఫోల్డర్‌లో ఆ ప్యాకేజీకి పిన్-ప్రయారిటీ 1001 పెట్టి అప్‌గ్రేడ్ చేసి, తర్వాత ఆ ఫైల్ తీసేయాలి. మూడు రోజుల టెస్ట్ విలువ తెలిసేది ఇక్కడే.

## 8. ఎన్‌జిన్‌ఎక్స్

పెద్ద పనేం లేదు. రూట్‌గా /ఎస్‌ఆర్‌వీ/ఆప్ట్‌లీ/పబ్లిక్ ఇవ్వండి, ఆటోఇండెక్స్ ఆన్ చేయండి, 80 పోర్టు ల్యాబ్ నెట్‌వర్క్‌కి మాత్రమే తెరవండి. పబ్లిక్ అనే మాట వదిలేసి దాని పై ఫోల్డర్ ఇవ్వకండి, డేటాబేస్ బయటపడుతుంది. బ్రౌజర్‌లో తెరిస్తే డిస్ట్స్, పూల్ అనే ఫోల్డర్లు రెండు ప్రిఫిక్స్‌ల కిందా కనబడాలి. 403 వస్తే పై ఫోల్డర్లలో ఎక్కడో డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా యూజర్‌కి దారి లేదని అర్థం.

## 9. ల్యాబ్ సిస్టమ్స్‌ని ఇటు మళ్లించడం

ముందు ఒక్క సిస్టమ్. తర్వాత ఐదు. ఆ తర్వాతే మొత్తం.

1. పబ్లిక్ కీని /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టండి. పర్మిషన్ 644 ఉండాలి. ఆప్ట్ తన సొంత యూజర్‌తో కీ చదువుతుంది, రూట్ ఒక్కడికే కనబడేలా పెడితే చదవలేదు.
2. సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లో ల్యాబ్.సోర్సెస్ ఫైల్ రాయండి.
3. పాత సోర్సెస్.లిస్ట్‌లోని లైన్లకు ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. విడి ఫైళ్లుంటే వాటి చివర .డిసేబుల్డ్ అని చేర్చండి.
4. ఆప్ట్ అప్‌డేట్ నడపండి.
5. ఆప్ట్ పాలసీ బ్యాష్ అని ఇచ్చి, ప్యాకేజీ మీ సర్వర్ నుంచే వస్తోందా చూడండి.

ల్యాబ్.సోర్సెస్ ఫైల్‌లో ఉండేది ఈ ఐదు లైన్లే. వీటిలో కోలన్‌కి ముందున్న ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది, యూఆర్ఐస్‌లో మాత్రం చివరి అక్షరం తప్ప అన్నీ పెద్దవే. విలువలన్నీ చిన్న అక్షరాలే.

టైప్స్: డెబ్
యూఆర్ఐస్: హెచ్‌టీటీపీ://రెపో.ల్యాబ్.ఇంటర్నల్/ల్యాబ్
సూట్స్: బుక్‌వార్మ్
కాంపోనెంట్స్: మెయిన్
సైన్డ్-బై: /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్/ల్యాబ్.జీపీజీ

కాంపోనెంట్ ఒక్క మెయిన్ అనే ఎందుకంటే, కలిపిన స్నాప్‌షాట్‌లో నాలుగు కాంపోనెంట్లూ ఒకే చోట చేరిపోయాయి.

కీ దగ్గర చిక్కొస్తే కొందరు ట్రస్టెడ్ ఎస్ అని పెట్టేసి ముందుకెళ్తారు. అది సంతకాన్నే చూడొద్దని చెప్పడం. ఆ రోజు పని అవుతుంది, కానీ తర్వాత ల్యాబ్ నెట్‌వర్క్‌లో ఎవరు మీ సర్వర్‌లా నటించినా సిస్టమ్స్ నమ్మేస్తాయి.

అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లని వాటంతట అవే వేసే ప్యాకేజీ) వాడుతుంటే ఇంకో మెట్టు. దాని కాన్ఫిగ్ మామూలుగా డెబియన్ అనే ఆరిజిన్ ఉన్నవాటినే అనుమతిస్తుంది. మనది ల్యాబ్. ఆరిజిన్స్-ప్యాటర్న్‌లో మన ఆరిజిన్, లేబుల్ చేర్చి, డ్రై-రన్, డీబగ్ ఆప్షన్లతో ఒకసారి నడిపి చూడండి. ఇది చేయకపోతే రెపో చక్కగా ఉంటుంది, సిస్టమ్స్ మాత్రం ఒక్క అప్‌డేట్ కూడా వేసుకోవు.

## 10. సొంత ప్యాకేజీలు చేర్చడం

రెండు ప్యాకేజీలు మొదటి రోజే చేసుకోండి.

ల్యాబ్ మెటా ప్యాకేజీ. ఈక్వివ్స్ అనే టూల్‌తో చేయొచ్చు. లోపల ఫైళ్లేమీ ఉండవు, కావాల్సిన ప్యాకేజీల పేర్లుంటాయంతే: కంపైలర్లు, ఎడిటర్, తెలుగు ఫాంట్లకి ఫాంట్స్-టెలు, టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్. కొత్త సిస్టమ్ వస్తే ఈ ఒక్కటి ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

కీరింగ్ ప్యాకేజీ. మీ పబ్లిక్ కీని 9వ భాగంలో చెప్పిన చోటే పెట్టే ప్యాకేజీ. కీ గడువు పెంచినా, కొత్త కీ చేసినా సిస్టమ్స్‌కి ఆ సంగతి తెలియాలి. గడువుకి మూడు నెలల ముందే కొత్త వెర్షన్ కీరింగ్ ప్యాకేజీ వదిలితే మామూలు అప్‌డేట్‌తోనే అన్నిటికీ చేరుతుంది. గడువు దాటాక గుర్తొస్తే పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగాల్సిందే.

ఆప్ట్‌లీ రెపో క్రియేట్‌తో లోకల్ రెపో చేసి, రెపో యాడ్‌తో ఫైళ్లు చేర్చి, దాని స్నాప్‌షాట్‌ని కూడా 6వ భాగంలోని మెర్జ్‌లో కలపండి. లోపల చిన్న మార్పు చేసినా వెర్షన్ నంబరు పెంచండి. అదే వెర్షన్‌తో వేరే ఫైల్ ఇస్తే ఆప్ట్‌లీ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సరైనది.

డెబియన్ ప్యాకేజీకి మీరు మార్పులు చేసి వదులుతుంటే వెర్షన్ పేరు దగ్గర జాగ్రత్త. అసలుది 2.4-1 అనుకుందాం. మీరు 2.4-1+ల్యాబ్1 అని పెట్టారు. కొన్నాళ్లకి డెబియన్ నుంచి సెక్యూరిటీ దిద్దుబాటు 2.4-1+డెబ్12యూ1 అని వస్తుంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో డి కంటే ఎల్ తర్వాతిది కాబట్టి ఆప్ట్ లెక్కలో మీదే కొత్తది. సెక్యూరిటీ దిద్దుబాటు సిస్టమ్స్‌కి ఎప్పటికీ చేరదు. +ఏ1 లాంటి పేరు పెడితే అసలుదానికంటే పైన, సెక్యూరిటీదానికంటే కింద ఉంటుంది. సందేహం వస్తే డీపీకేజీ కంపేర్-వెర్షన్స్‌తో సరిచూసుకోండి.

## 11. వారం వారం పని

- సోమవారం రాత్రి: మూడు మిర్రర్ల అప్‌డేట్. దీన్ని టైమర్‌కి అప్పగించొచ్చు.
- మంగళవారం ఉదయం: స్నాప్‌షాట్లు, మెర్జ్, టెస్ట్‌కి స్విచ్.
- శుక్రవారం సాయంత్రం: అంతా బాగుంటే ల్యాబ్‌కి స్విచ్.
- నెలకొకసారి: పాత స్నాప్‌షాట్లు తీసేసి ఆప్ట్‌లీ డీబీ క్లీనప్.

స్విచ్‌ని మాత్రం టైమర్‌కి ఇవ్వొద్దు. పాస్‌ఫ్రేజ్ కొట్టే చెయ్యి మనిషిదే అయి ఉండాలి. ఆ ఒక్క నిమిషంలోనే "ఇవాళ వదలాలా?" అన్న ఆలోచన వస్తుంది. పరీక్షల వారంలో నేను స్విచ్ చేయను. సిస్టమ్స్ ఉదయం ఆన్ అయ్యి రెపోని అడుగుతాయి, కొత్తదేమీ లేదని తెలుసుకుని ఊరుకుంటాయి.

దీనికి మినహాయింపు ఒకటే. డెబియన్ సెక్యూరిటీ టీమ్ పంపే ప్రకటనల మెయిల్స్‌కి పేరు నమోదు చేసుకోండి. బ్రౌజర్‌లోనో ఎస్ఎస్‌హెచ్‌లోనో పెద్ద లోపం అని వస్తే శుక్రవారం దాకా ఆగకండి. సెక్యూరిటీ మిర్రర్ ఒక్కటే అప్‌డేట్ చేసి, పాత మెయిన్ స్నాప్‌షాట్‌తో కలిపి, గంటసేపు టెస్ట్‌లో చూసి అదే రోజు వదలండి.

పాతవి తీసేసేటప్పుడు ముందు కలిపిన స్నాప్‌షాట్ తీసి, తర్వాత దాని మూలాలు తీయండి. ఈ వరస తప్పితే ఆప్ట్‌లీ ఒప్పుకోదు. ఫోర్స్ ఆప్షన్‌తో బలవంతం చేయకండి. చివరి నాలుగు వారాలవి నేను ఎప్పుడూ ఉంచుకుంటాను.

## 12. వచ్చే ఎర్రర్లు, వాటి విరుగుడు

నో పబ్‌కీ. కీ ఫైల్ లేదు, లేదా సైన్డ్-బై దారి తప్పుగా ఉంది, లేదా పర్మిషన్ 644 లేదు. ఈ వరసలోనే చూడండి.

హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్. మధ్యలో ఏదో కాష్ లేదా ప్రాక్సీ పాత ఫైల్ ఇస్తోంది. /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలివి తీసేసి మళ్లీ అప్‌డేట్ ఇవ్వండి. మళ్లీ వస్తే ప్రాక్సీ మీదే అనుమానం పెట్టుకోండి.

సర్వర్ పక్క గదిలోనే ఉన్నా టైమ్‌అవుట్. కాలేజీ ప్రాక్సీ సెట్టింగ్ ఆప్ట్‌లో ఉండి, లోకల్ సర్వర్ కోసం కూడా బయటికి వెళ్తోంది. ఆప్ట్ కాన్ఫిగ్‌లో మీ సర్వర్ పేరుకి ప్రాక్సీ విలువ డైరెక్ట్ అని, అన్నీ పెద్ద అక్షరాల్లో, పెట్టండి.

రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు. ఆ సిస్టమ్ గడియారం వెనక్కి ఉంది. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత సిస్టమ్స్‌లో ఇది మామూలే. బ్యాటరీ మార్చండి.

కొన్ని ప్యాకేజీలు కెప్ట్ బ్యాక్, అంటే అప్‌డేట్ కాకుండా ఆగిపోయాయి. కొత్త వెర్షన్‌కి కావాల్సిన తోడు ప్యాకేజీ మీ ఫిల్టర్‌లో లేకపోయి ఉండొచ్చు. ఆ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేయమని అడిగితే ఏది తక్కువైందో ఆప్ట్ పేరుతో సహా చెబుతుంది. మిర్రర్ ఎడిట్‌తో ఫిల్టర్‌లో ఆ పేరు చేర్చి, మిర్రర్ అప్‌డేట్ చేయండి.

## 13. బ్యాకప్

ప్యాకేజీలు పోయినా మళ్లీ దించుకోవచ్చు. కీ పోతే ప్రతి సిస్టమ్‌కీ కొత్త కీ మోయాలి. కాబట్టి బ్యాకప్ వరస ఇది: సంతకం కీ, ఆప్ట్‌లీ కాన్ఫిగ్, రూట్‌డిర్‌లోని డీబీ ఫోల్డర్, సొంత ప్యాకేజీల సోర్స్. డీబీని కాపీ చేసే సమయంలో ఆప్ట్‌లీ నడవకూడదు.

మొత్తం ఫోల్డర్‌నే ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో వేరే డిస్కుకి తీసుకునేవాళ్లు, మామూలుగా ఇచ్చే -ఏ ఆప్షన్‌తోపాటు పెద్ద అక్షరం హెచ్ కూడా ఇవ్వండి. అది లేకపోతే హార్డ్ లింకులు విడిపోయి ఒక్కో ఫైల్ రెండు మూడు సార్లు కాపీ అవుతుంది. డిస్కు మధ్యలోనే నిండిపోతుంది.

ఆర్నెల్లకొకసారి బీరువాలోని పెన్‌డ్రైవ్ తీసి, వేరే సిస్టమ్‌లో కీ ఇంపోర్ట్ చేసి, ఒక చిన్న ఫైల్ మీద సంతకం చేసి చూడండి. పని చూసుకున్నాక ఆ సిస్టమ్ నుంచి కీ తీసేసి, పెన్‌డ్రైవ్ మీద తేదీ రాసి మళ్లీ బీరువాలో పెట్టేయండి.